ట్యాంకులో పావు వంతు

మా బేస్‌మెంట్ మెట్లు దిగగానే ఎడమ పక్క గోడకి ఆనుకుని ఆయిల్ ట్యాంకు ఉంటుంది. పొట్టి కాళ్ల మీద నిలబెట్టిన పెద్ద ఇనప పీపా, 275 గాలన్లది (గాలన్ అంటే దాదాపు 3.8 లీటర్లు). దాని నెత్తిన వేలెడంత ప్లాస్టిక్ గొట్టం, అందులో ఒక ఎర్ర బిళ్ళ. లోపల ఆయిల్ తగ్గేకొద్దీ బిళ్ళ కిందకి దిగుతుంది. గొట్టం మీద ముప్పావు, సగం, పావు అని గీతలుంటాయి. పోయిన చలికాలం, అంటే 2022-23లో, నాలుగు నెలలపాటు పొద్దున్నే లేచి, కాఫీ కూడా పెట్టుకోకుండా కిందకి దిగి నేను చూసుకున్నది ఆ బిళ్ళనే.

నిన్న మళ్లీ దిగి చూశాను. సగం గీతకి కాస్త కింద ఉంది. పైకొచ్చి ఫోన్‌లో ఈ వారం రేటు చూశాను. గాలన్ 4 డాలర్ల 29 సెంట్లు. జూన్‌లో 3.49 ఉండేది. ఇంకా 2023 అక్టోబరే, చలి సరిగా మొదలవ్వనే లేదు, అప్పుడే 80 సెంట్లు ఎక్కేసింది. రాత్రి నిద్ర పట్టలేదు. పోయినేడాది జరిగింది రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఇక వాయిదా వెయ్యదలుచుకోలేదు.

ఇండియాలో ఉన్నవాళ్లకీ, టెక్సస్ లాంటి చోట్ల ఉన్న మనవాళ్లకీ ఈ ఆయిల్ గొడవ తెలియకపోవచ్చు. మేముండేది మసాచుసెట్స్‌లో, వూస్టర్ పక్కన. 1928లో కట్టిన ఇల్లు. మా వీధిలోకి నేచురల్ గ్యాస్ పైపు రాలేదు. అందుకని ఇంటిని వేడి చేసే బాయిలర్ ఆయిల్ మీద నడుస్తుంది. ట్రక్కు ఇంటి ముందు ఆగుతుంది, డ్రైవర్ గొట్టం లాక్కొచ్చి గోడ బయట ఉన్న పైపులో పోసి వెళ్తాడు. దేశం మొత్తం మీద ఇలా ఆయిల్‌తో ఇల్లు వేడి చేసుకునేవాళ్లు దాదాపు 50 లక్షల కుటుంబాలు. అందులో ఎక్కువమంది ఈ ఈశాన్య రాష్ట్రాల్లోనే. పైనున్న మెయిన్ అనే రాష్ట్రంలో అయితే సగానికి పైగా ఇళ్లు దీని మీదే ఆధారపడతాయి.

ఈ ఆయిల్ దాదాపు డీజిలే. రోడ్డు పన్ను కట్టని సరుకని గుర్తు తెలియడానికి ఎర్ర రంగు కలుపుతారు, అంతే తేడా. కాబట్టి లారీలకి డీజిల్ కరువొస్తే మా ఇళ్లకి వేడి కరువొచ్చినట్టే. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్లింది. మార్చిలో అమెరికా రష్యా ఆయిల్ దిగుమతి ఆపేసింది. యూరప్ వాళ్లు కూడా డీజిల్ కోసం వేరే దేశాల వైపు తిరిగారు. ఇటు చూస్తే తూర్పు తీరంలో అన్నిటికంటే పెద్ద రిఫైనరీ ఫిలడెల్ఫియాలో ఉండేది, రోజుకి 3 లక్షల 35 వేల బ్యారెళ్లు శుద్ధి చేసేది. 2019 జూన్‌లో మంటలంటుకున్నాక అది మళ్లీ తెరుచుకోలేదు. క్రూడ్, అంటే ముడి చమురు, ఎంత ఉన్నా దాన్ని డీజిల్‌గా మార్చే చోటు దగ్గర్లో లేకపోతే సరుకు ఓడల్లో రావాలి. ఓడలు ఎక్కువ ధర ఇచ్చే రేవుకి పోతాయి. ఇవన్నీ నాకు అప్పట్లో తెలియవు. బిల్లు చేతికొచ్చాక ఒక్కొక్కటే చదువుకున్నాను.

ఆ ఏడాది జూన్‌లో కార్లలో పోసుకునే గ్యాస్, అంటే మన పెట్రోలు, దేశం సగటున మొదటిసారి గాలన్ 5 డాలర్లు దాటింది. అందరూ దాని గురించే మాట్లాడారు. టీవీలో అదే, ఆఫీసులో అదే, పిల్లల బడి దగ్గర తల్లిదండ్రుల మధ్య అదే. ఎందుకంటే ఆ ధర రోడ్డు పక్కన పెద్ద పెద్ద అంకెల్లో వెలుగుతూ ఉంటుంది. కారు నడపనివాడి కంట్లో కూడా పడుతుంది. మా ఆయన ఇద్దరు సహోద్యోగుల్ని ఎక్కించుకుని వెళ్లడం మొదలుపెట్టారు. వారానికి ఇరవై డాలర్లు మిగిలాయి. హీటింగ్ ఆయిల్ ధర మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు. ఎవరి బేస్‌మెంట్ చీకట్లో వాళ్లే చూసుకుని, ఎవరి బాధ వాళ్లే పడతారు. కారుకైతే ఒకరి పక్కన ఒకరు కూర్చోవచ్చు. ఇల్లు అలా కుదరదు కదా.

అక్టోబర్‌లో మా ఆయన చేస్తున్న ప్రాజెక్టు ఆగిపోయింది. నా ఒక్క జీతం మిగిలింది. అప్పటికే అత్తయ్య గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, ఆరు నెలలుందామని. నవంబర్ మొదటి వారంలో ఎర్ర బిళ్ళ పావు గీత తాకింది. మేం కొనే డీలర్‌కి ఫోన్ చేశాను.

ఆ ఫోన్‌లో విన్న లెక్క నాకు ఈరోజుకీ కంఠతా వచ్చు. 200 గాలన్లు దాటి కొంటే గాలన్ 5.69. 150 నుంచి 199 అయితే 5.79. 100 నుంచి 149 అయితే 5.89. వందకి తక్కువైతే ట్రక్కు రాదు. చెక్కో క్యాషో అయితేనే ఈ ధరలు, కార్డు మీద కడితే గాలన్‌కి ఇంకో పది సెంట్లు. ట్యాంకు నింపాలంటే 1,100 డాలర్లకి పైనే ఒక్కసారి కట్టాలి. మా దగ్గర లేవు. వంద గాలన్లు చాలన్నాను, కార్డు మీద. 599 డాలర్లు. అంటే డబ్బున్న ఇంటివాళ్లు 5.69కి కొన్న అదే ఆయిల్‌ని, అదే ట్రక్కులోంచి, అదే రోజు నేను 5.99కి కొన్నాను. గాలన్‌కి ముప్పై సెంట్లు ఎక్కువ. మా ఇల్లు చలికాలంలో 700 గాలన్ల పైన తాగుతుంది. సీజన్ అంతా అలాగే కొంటే 200 డాలర్ల పైమాట, చేతిలో డబ్బు లేనందుకు కట్టే జరిమానా.

మన ఊళ్లలో ఇది కొత్తేం కాదు. నెల సరుకులు ఒకేసారి తెచ్చుకునేవాళ్లకి ఒక ధర, ఏ పూటకాపూట వంద గ్రాములు పొట్లం కట్టించుకునే కూలివాళ్లకి ఒక ధర. చిన్నప్పుడు అమ్మ కొట్టుకి పంపితే అది చూస్తూనే పెరిగాను. కానీ అప్పుడు నేను పొట్లం కట్టించుకునే వైపు లేను. ఆ వైపు నిలబడితే ఎలా ఉంటుందో యాభై దగ్గర పడుతున్న వయసులో, ఇంత దూరం వచ్చాక తెలిసింది.

ఇంట్లో వేడి ఎంతుండాలో చెప్పే థర్మోస్టాట్ 62 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టాం. అంటే మన లెక్కలో 17 డిగ్రీల లోపు. రాత్రి 58. పిల్లలు ఇంట్లో కూడా స్వెట్టర్లతో తిరిగారు. అత్తయ్యకి కాళ్లు నొప్పులు. ఆవిడ ఏమీ అనలేదు, సాక్సుల మీద సాక్సులు వేసుకుని శాలువా కప్పుకుని వంటింట్లో స్టవ్ పక్కన కుర్చీ వేసుకునేవారు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

ఒకరోజు నా వెనకే బేస్‌మెంట్‌లోకి దిగారు. నేను రోజూ ఏం చూస్తున్నానో అడిగి తెలుసుకున్నారు. "ఇది మన గ్యాస్ బండలాంటిదేగా అమ్మాయ్. రాసి పెట్టుకోవాలి" అన్నారు. గుంటూరులో కొత్త బండ పెట్టిన రోజు క్యాలెండర్ మీద తేదీ దగ్గర రాసుకోవడం ఆవిడకి నలభై ఏళ్ల అలవాటు. ఎన్ని రోజులొచ్చిందో, ఎప్పుడు బుక్ చెయ్యాలో ఆవిడకి వేరే లెక్క అక్కర్లేదు. మర్నాటి నుంచి ఆవిడ జాకెట్లు కొలుచుకునే టేపు పట్టుకుని కిందకి వచ్చేవారు. గొట్టం మొదలు నుంచి బిళ్ళ దాకా ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి, పైకొచ్చి ఇండియా నుంచి తెచ్చిన తిథుల క్యాలెండర్ మీద పెన్సిల్‌తో వేసేవారు. ఏకాదశి కింద 31. ద్వాదశి కింద 30. బయట ఎండ ఉన్న రోజు ఒక చిన్న సున్నా చుట్టేవారు.

మూడు వారాలు గడిచాక ఆ అంకెలు నాకు, ఇంట్లో వేడి ఎక్కడ వృథా అవుతోందో చూసే ఏ ఎనర్జీ ఆడిటూ చెప్పని సంగతి చెప్పాయి. గాలి గట్టిగా వీచిన రోజుల్లో చలి తక్కువున్నా ఆయిల్ ఎక్కువ ఖర్చవుతోంది. అంటే వేడి ఎక్కడి నుంచో బయటికి పోతోంది. వెతికితే బేస్‌మెంట్ గోడ పైన, ఇంటి చెక్క కూర్చున్న చోట సందులు కనిపించాయి. అగరబత్తి వెలిగించి పట్టుకుంటే పొగ పక్కకి కొట్టుకుపోయింది. ఫోమ్ డబ్బాలు నాలుగు తెచ్చి మా ఆయన ఒక ఆదివారమంతా ఆ సందులు పూడ్చారు. ముప్పై డాలర్లయింది. తర్వాతి వారం అత్తయ్య అంకెలు నెమ్మదిగా దిగాయి. రోజుకి దాదాపు అర గాలన్ మిగిలిందని మా లెక్క.

కరెంటు హీటర్ పెట్టుకోమని చాలామంది సలహా ఇచ్చారు. ఇది మాత్రం లెక్క వేసి చూడండి. గాలన్ ఆయిల్‌లో దాదాపు 1,38,500 బీటీయూల (వేడిని కొలిచే కొలత) వేడి ఉంటుంది. పాత బాయిలర్ అందులో 80 శాతం ఇంట్లోకి ఇచ్చినా, ఆ వేడి కరెంటు హీటర్‌తో రావాలంటే 32 యూనిట్లకి పైగా కాలాలి. ఆ చలికాలం మాకు కరెంటు యూనిట్ 34 సెంట్ల దగ్గరికి వెళ్లింది, ఎందుకంటే ఇక్కడ కరెంటులో పెద్ద వాటా నేచురల్ గ్యాస్‌తో తయారయ్యేదే, ఆ గ్యాస్ ధరా పెరిగింది. అంటే గాలన్ ఆయిల్ ఇచ్చే వేడికి కరెంటులో దాదాపు 11 డాలర్లు. ఆరు డాలర్ల ఆయిల్ భారమని పదకొండు డాలర్ల కరెంటులోకి వెళ్లినట్టు. ఒక్క గదిలో ఒక్క మనిషి కూర్చునేటప్పుడు, మిగతా ఇంటిని చల్లబడనిస్తే హీటర్ కలిసొస్తుంది. ఇల్లంతటికీ కాదు. హీట్ పంపులు (బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెచ్చే కరెంటు యంత్రాలు) నయం, నిజమే. ఇల్లు మొత్తానికి పెట్టించుకుంటే అప్పుడు రాష్ట్రంలో 10 వేల డాలర్ల రిబేటు కూడా ఉండేది. కానీ పని పూర్తయి, బిల్లు కట్టాకే రిబేటు చేతికొచ్చేది. దానికి కూడా ముందు డబ్బుండాలి, లేకపోతే అప్పు పుట్టాలి.

ఇక 2023 ఫిబ్రవరి 3 రాత్రి.

రెండు రోజుల ముందు నుంచే టీవీలో హెచ్చరికలు. శుక్రవారం సాయంత్రానికి గాలి మొదలైంది. ఆ రాత్రి న్యూ హాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద గాలితో కలిపి చలి మైనస్ 108 ఫారెన్‌హీట్ అని రికార్డయింది. శనివారం తెల్లారేసరికి బోస్టన్‌లో మైనస్ 10, అంటే మైనస్ 23 సెల్సియస్. 1957 తర్వాత అక్కడ అంత చలి లేదట. మేం నల్లాలన్నీ సన్నటి ధార వదిలి, సింకు కింద అర తలుపులు తెరిచి పెట్టాం, పైపులు గడ్డకట్టకుండా. పిల్లల్నీ అత్తయ్యనీ ఒకే గదిలో పడుకోబెట్టాం.

ఉదయం ఏడింటికి వంటింటి కిటికీలోంచి చూస్తే పక్కింటి పొగగొట్టం నుంచి పొగ రావడం లేదు. ఆ ఇంట్లో 81 ఏళ్ల పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. భర్త పోయి ఆరేళ్లయింది. మేం ఈ ఇంట్లోకి వచ్చిన రోజు యాపిల్ పై చేసి తెచ్చిచ్చిన మనిషి. అంత చలిలో బాయిలర్ ఆగి ఆగి అయినా నడుస్తూనే ఉండాలి. పది నిమిషాలు చూశాను. పొగ లేదు. కోటు వేసుకుని వెళ్లాను.

తలుపు తీసిందావిడ. కోటు మీద కోటు, తల మీద ఉన్ని టోపీ. లోపల నా ఊపిరి నాకు కనపడింది. వంటింట్లో కరెంటు అవెన్ తలుపు తెరిచి పెట్టుకుని దాని ఎదురుగా కూర్చుని ఉంది. (గ్యాస్ అవెన్ అయితే ఈ పని ఎప్పుడూ చెయ్యకండి. కార్బన్ మోనాక్సైడ్ మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.) గోడ మీద థర్మోస్టాట్ 41 చూపిస్తోంది, అంటే మన లెక్కలో 5 డిగ్రీలు. రాత్రి రెండింటికి బాయిలర్ ఆగిపోయిందట. "మీరు నాకు ఫోన్ చెయ్యాల్సింది కదా" అన్నాను. "అంత రాత్రి పిల్లలున్న ఇంటికి ఎలా చేస్తానమ్మా" అంది. ఆవిడ అన్నది ఇంగ్లీషులోనే, కానీ ఆ మాట వింటుంటే మా అమ్మమ్మ గొంతే వినపడింది.

ఆవిడ ట్యాంకు బిళ్ళ అడుగుకి దిగిపోయి ఉంది. అయిపోతుందని తెలుసు. సోషల్ సెక్యూరిటీ డబ్బు, అంటే ప్రభుత్వం ఇచ్చే పింఛను, నెలలో రెండో బుధవారం పడుతుంది. అది పడగానే వంద గాలన్లు చెప్దామని లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. బుధవారానికి ఇంకా నాలుగు రోజులుంది. చలి అప్పటిదాకా ఆగదు కదా. డీలర్ ఎమర్జెన్సీ నంబరుకి నేనే ఫోన్ చేశాను. పేరు చెప్పను. యాభై గాలన్లు తెస్తాం, గాలన్ 6.19, శనివారం కాబట్టి అదనంగా 175 డాలర్లు, డబ్బు ముందే కట్టాలి, రావడానికి సాయంత్రం అవుతుంది అన్నారు. లెక్క వేస్తే గాలన్‌కి తొమ్మిదిన్నర డాలర్లు పైనే. ఈ వీధిలో అందరికంటే తక్కువ ఆదాయం ఉన్న మనిషికి అందరికంటే ఎక్కువ ధర. నాకు చేతులు వణికాయి. చలికి కాదు.

మా ఆయన గ్యాస్ స్టేషన్‌కి వెళ్లి పసుపు రంగు క్యాన్లు రెండు కొని డీజిల్ పట్టించుకొచ్చారు, పది గాలన్లు. డీజిల్ అప్పుడు గాలన్ 5 డాలర్ల దగ్గర ఉంది. అందులో కేంద్రం రోడ్డు పన్ను 24.4 సెంట్లు, రాష్ట్రానిది 24 సెంట్లు. రోడ్డెక్కని ఆయిల్‌కి రోడ్డు పన్ను. ఆ చలిలో పది గాలన్లు రోజున్నరకి మించి రావు. గోడ బయటి పైపులో పోస్తుంటే గాలికి సగం చేతుల మీదే పడుతుందేమోనని నేను అట్టముక్క అడ్డం పట్టుకున్నాను.

ఆయిల్ పోసినంత మాత్రాన బాయిలర్ అంటుకోదు. ట్యాంకు ఖాళీ అయినప్పుడు గొట్టంలోకి గాలి చేరుతుంది, ఆ గాలి తీసెయ్యాలి. మా ఆయనకి ఈ పని తెలిసిన స్నేహితుడు ఒకతను వీడియో కాల్‌లో చూపిస్తూ చెప్పాడు. బర్నర్ పక్కన పంపు ఉంటుంది, దానికి ఒక చిన్న స్క్రూ. కింద పాత టమాటా డబ్బా పెట్టి ఆ స్క్రూ పావు తిప్పు వదులు చేసి, ఎర్ర రీసెట్ బటన్ ఒక్కసారి నొక్కి ఆగాలి. పదే పదే నొక్కితే లోపల ఆయిల్ పేరుకుని ప్రమాదం. మొదట బుసబుసమంటూ ఎర్రటి నురగ వచ్చింది. ఆగిపోయింది. కాసేపాగి మళ్లీ నొక్కారు. మళ్లీ నురగ. ఆవిడ బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని రెండు చేతులూ గట్టిగా పట్టుకుని చూస్తోంది. మూడోసారికి నురగ పోయి చిక్కటి ధార పడింది. స్క్రూ బిగించారు. రెండు క్షణాలు నిశ్శబ్దం, తర్వాత లోపల భగ్గుమని మంట. ఆ చప్పుడు విని ఆవిడ ఏడ్చేసింది. నేనూ.

పైపులు పగలలేదు. అదృష్టం.

అత్తయ్య ఆ రోజు మధ్యాహ్నం మిరియాల చారు ఫ్లాస్కులో పోసి పంపించారు. ఆ తర్వాత సాయంత్రం దాకా పక్కింటావిడ మా ఇంట్లోనే ఉంది. అప్పుడే అడిగాను, ఫ్యూయెల్ అసిస్టెన్స్‌కి దరఖాస్తు పెట్టలేదా అని. అది నాకంటే అవసరంలో ఉన్నవాళ్లకి కదా అంది. 41 డిగ్రీల వంటింట్లో కూర్చున్న మనిషి అన్న మాట ఇది.

ఈ సంగతి ఇక్కడ వివరంగా రాస్తాను, ఎందుకంటే మనవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. 1981 నుంచి కేంద్రం డబ్బుతో ప్రతి రాష్ట్రంలో ఇంటి వేడి ఖర్చుకి సాయం చేసే పథకం ఉంది, లైహీప్ అంటారు. మసాచుసెట్స్‌లో కుటుంబ ఆదాయం రాష్ట్రపు మధ్యస్థ ఆదాయంలో 60 శాతం లోపు ఉంటే అర్హత. సాయం సాధారణంగా నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా. అద్దెకున్నవాళ్లు కూడా పెట్టుకోవచ్చు. ఎవరి ఊరికి ఏ కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీయో (ఇలాంటి సాయం అందించే స్థానిక సంస్థ) చూసుకుని అక్కడ దరఖాస్తు ఇవ్వాలి. ఆదాయం కాగితాలు, గుర్తింపు కార్డు, ఆయిల్ డీలర్ బిల్లు పట్టుకెళ్తే చాలావరకు పని అవుతుంది. డబ్బు నేరుగా డీలర్‌కే వెళ్తుంది, మన చేతికి రాదు. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: చలి ముదిరాక పెడితే ఆలస్యమవుతుంది. పక్కింటావిడ కోసం మేం ఫిబ్రవరి రెండో వారంలో పెడితే జవాబు వచ్చేసరికి మార్చి వచ్చింది. ఆ మధ్యలో ఆవిడకి డీజిల్ క్యాన్లే గతి.

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. ఈ రాష్ట్రంలో డబ్బు ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకి నవంబర్ 15 నుంచి మార్చి 15 దాకా ఇంటి వేడికి వాడే గ్యాస్, కరెంటు కనెక్షన్ కట్ చెయ్యకూడదు. మంచి రూలు. కానీ మా ఆయిల్‌కి అది వర్తించదు. పైపు ఉన్న ఇంట్లో బిల్లు బాకీ పడినా మంట ఆరదు. ట్రక్కు మీద ఆధారపడ్డ ఇంట్లో బాకీ పడే అవకాశమే లేదు, డబ్బు లేకపోతే ఆ క్షణమే చలి. ఏ ఇల్లు పైపు ఉన్న వీధిలో ఉందో, ఏది లేదో ఎవరి తప్పూ కాదు. కానీ రక్షణ మాత్రం వీధిని బట్టి ఉంది.

ధర తగ్గించమని నేను అడగడం లేదు. యుద్ధాన్నీ ఓడల్నీ ఆపడం మా ఊరి వల్ల అయ్యే పని కాదు. ఆపత్కాలానికని ఈశాన్య రాష్ట్రాల కోసం 2000లో కేంద్రం ఒక నిల్వ పెట్టింది, ఇప్పుడది 10 లక్షల బ్యారెళ్లు. బ్యారెల్ అంటే 42 గాలన్లు. మా ఇంటి వాడకం లెక్కన వేస్తే 60 వేల లోపు ఇళ్లకి ఒక చలికాలం వస్తుంది. 50 లక్షల ఇళ్ల ముందు అది ఎంత? సరఫరా పూర్తిగా తెగిపోయినప్పటి మాట వేరు, ధర భారానికి అది మందు కాదు. నేను అడిగేది చిన్నది. యాభై గాలన్లు కొనేవాళ్లకి కూడా రెండొందలు కొనేవాళ్ల ధరే ఇవ్వండి. ట్రక్కు తిప్పే ఖర్చు డీలర్‌కి ఉంటుంది, ఒప్పుకుంటాను, చాలామంది డీలర్లు కూడా చిన్న కుటుంబాలే. ఆ తేడా సాయం పథకంలోంచి కట్టండి. సాయం ఫిబ్రవరిలో గాక సెప్టెంబర్‌లోనే ట్యాంకులోకి వచ్చేలా చెయ్యండి. మొన్న జూన్‌లో 3.49 ఉన్నప్పుడు పోసి ఉంటే అదే డబ్బుకి ఎన్ని గాలన్లు ఎక్కువ వచ్చేవో ఎవరైనా లెక్క కట్టగలరు.

మేం కూడా జూన్‌లో నింపుకోలేకపోయాం. మా ఆయనకి ఏప్రిల్‌లో ఉద్యోగం దొరికింది గానీ, చలికాలమంతా కార్డుల మీద ఎక్కిన బాకీ వేసవంతా తీరుస్తూనే ఉన్నాం.

ఈసారి ఒకటి మార్చాం. పక్కింటావిడా మేమూ కలిసి ఆర్డరిచ్చాం. వేరే చిన్న డీలర్ దగ్గరికి వెళ్లి అడిగాను: రెండు ఇళ్లు పక్కపక్కనే, ట్రక్కు ఒక్కసారే ఆగుతుంది, గొట్టం మాత్రం అటూ ఇటూ లాగాలి, రెండు ఇళ్లదీ కలిపి రెండొందల గాలన్ల ధర ఇస్తారా అని. ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నాడు. మా వీధిలో ఇంకో ఇద్దరిని అడిగాను, ఒకరు వస్తామన్నారు. ఇంకొకరు మొహమాటపడ్డారు. వాళ్ల ఇంటికి మళ్లీ వెళ్తాను.

అత్తయ్య మార్చిలోనే గుంటూరు వెళ్లిపోయారు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ముందు పిల్లల సంగతి అడుగుతారు, తర్వాత "బిళ్ళ ఎక్కడుంది?" అని అడుగుతారు. కొత్త క్యాలెండర్ పోస్టులో పంపించారు. రెండు పంపించారు. రెండోది పక్కింటావిడకి. తిథులు ఆవిడకి అర్థం కావు గానీ, అంకెలు ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి బేస్‌మెంట్ మెట్ల పక్కన మేకుకి తగిలించుకుంది. సాయం పథకం వాళ్లు పంపిన ఈ ఏటి ఫారం కూడా మొన్న తనే పట్టుకొచ్చింది, నింపి, సంతకం పెట్టి, ఒకసారి చూసిపెట్టమని.

ట్రక్కు గురువారం వస్తుంది. ఆయిల్ పోస్తున్నంతసేపూ ట్యాంకులోంచి గాలి బయటికి పోతూ సన్నగా ఈల వేస్తుంది. ఈల ఆగితే నిండినట్టు, డ్రైవర్లు చెవి అక్కడే పెట్టి ఉంచుతారు. పక్కింటి వైపు పైపు మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆలోపు మా ఆయన నూనె వేసి విప్పి పెడతానన్నారు.